స్టీరింగు వణుకూ, మన డీబగ్గింగూ

పోయిన నెల హైవే మీద 100 స్పీడులో బ్రేకు తొక్కగానే స్టీరింగు చేతుల్లో గడగడా వణికింది. పక్క సీట్లో అమ్మ. గుండె జారిపోయిందంటే నమ్మండి.

మెకానిక్ బండి చూడకుండానే "అలైన్‌మెంటు సార్" అన్నాడు. చేయించా, తగ్గలేదు. "అయితే బాలెన్సింగు" అన్నాడు. అదీ అయింది, డబ్బులూ అయ్యాయి. లాగ్ చూడకుండా కోడ్ మార్చేవాణ్ణి మన ఆఫీసులో ఏమంటాం?

అసలు లక్షణమే చెబుతోంది కదా! బ్రేకు తొక్కకపోయినా 80, 100 స్పీడులో వణికితే మొదటి అనుమానం బాలెన్సింగు మీద. తొక్కినప్పుడే వణికితే ముందు చక్రాల డిస్కుల మీద. స్టీరింగు కాక సీటు అదిరితే వెనక బ్రేకుల మీద. డిస్కు "వంగింది" అంటారు గానీ, చాలాసార్లు అది ఒక్కోచోట ఒక్కోలా అరిగి ఉంటుంది, లేదా ప్యాడ్ పదార్థం మచ్చలుగా అంటుకుని ఉంటుంది. మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా వచ్చినా వణుకు పుట్టొచ్చు. హబ్ మీద తుప్పు వదిలేసినా, నట్లు ఎడాపెడా బిగించినా, కొత్త డిస్కుకీ కొన్నాళ్ళకి అదే జబ్బు.

ఇంకో గ్యారేజీలో డయల్ గేజి పెట్టి చూస్తే నాది తుప్పు కేసని తేలింది. హబ్ శుభ్రం చేసి డిస్కులు మార్చారు, వణుకు పోయింది. అందుకే నేననేది ఒకటే: పార్టు మార్చమన్న ప్రతివాణ్ణీ "కొలిచావా?" అని అడగండి. మొహమాటపడితే పోయేది డబ్బే కాదు.