పులుసు ఆవిడది, బోర్డు ఆయనది

నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఏ దారి పట్టినా, మైపాడు కానివ్వండి, కృష్ణపట్నం కానివ్వండి, కావలి దగ్గర తుమ్మలపెంట కానివ్వండి, ఎక్కడో ఒకచోట నాలుగు బల్లలు, పైన రేకుల కప్పు ఉన్న చేపల హోటలు తగులుతుంది. బోర్డు మీద ఫలానా రెడ్డిగారి మెస్సు అనో, ఫలానా నాయుడుగారి హోటలు అనో పెద్దక్షరాలతో ఉంటుంది. దాని కింద కాస్త చిన్నక్షరాలతో "ఇంటి భోజనం" అని ఉంటుంది. ఆ చిన్నక్షరాలు చూసే మనం ఆగుతాం. కానీ ఆ ఇల్లు ఎవరిది, ఆ ఇంట్లో వండే మనిషెవరు అని ఎప్పుడైనా ఆలోచించామా?

ముందే చెబుతున్నాను, ఇలాంటి హోటళ్ళంటే నాకు చాలా ఇష్టం. మగవాళ్ళకి ఈ ఇష్టం ఒక పట్టాన అర్థం కాదు. ఇంట్లో చేపలు వండుకోవడం అంటే మాటలా? పొలుసు తీయాలి, రాయి మీద రుద్దాలి, ఉప్పు, పసుపు వేసి నాలుగైదు నీళ్ళు కడగాలి. వండటం అయ్యాక గిన్నెల వాసన, చేతుల వాసన, సింకు వాసన వదిలించుకోవడం ఇంకో పూట పని. ఇంతా చేసి, నడుము ముక్కలు ఆయనకీ పిల్లలకీ వడ్డించి, చల్లారిన అన్నంలో తోక ముక్క కలుపుకునేది మనమే. అలాంటిది, కూర్చున్నచోటికే పొగలు కక్కే అన్నం వచ్చి, "ఇంకో ముక్క వెయ్యనా మ్మా" అని ఎవరైనా అడిగితే అంతకంటే పండగేముంది! నెలకోసారైనా ఇల్లాలికి ఆ పండగ దక్కాలనే అంటాను.

ఇక పులుసు సంగతి. నెల్లూరు చేపల పులుసు అని హైదరాబాదులోనూ, చెన్నైలోనూ, బెంగుళూరులోనూ బోర్డులు చూస్తూనే ఉన్నాం. చింతపండు పులుసులో మామిడికాయ ముక్కలు, వేయించి కొట్టిన మెంతుల పొడి, పచ్చిమిరపకాయలు. చెప్పుకుంటే ఇంతే. కానీ పులుసు ఎప్పుడు చిక్కబడిందో, చేప ముక్క ఎప్పుడు వేయాలో చెప్పే గడియారం లేదు. ముక్క వేశాక గరిటె పెట్టకూడదు, గిన్నెని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. రాత్రి దించిన పులుసు తెల్లారేసరికి ముక్కకి పట్టి ఇంకా రుచిగా ఉంటుందని నెల్లూరులో చిన్నపిల్లలు కూడా చెబుతారు. కొర్రమీనుకి ఒక పాకం, బొమ్మిడాయిలకి ఇంకో పాకం. వంజరం అయితే పులుసుకా, వేపుడుకా అన్నది ముక్క చూసి తేల్చాలి. ఈ విద్య ఏ కాలేజీలోనూ నేర్పరు. అత్త నుంచి కోడలికి, అమ్మ నుంచి కూతురికి చేతుల మీదుగా వచ్చింది.

మైపాడు దారిలో అలాంటి ఒక హోటల్లో ఈ మధ్య భోంచేశాం. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. కొడుకు వడ్డిస్తున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళితే అక్కడ ఉంది అసలు హోటలు. యాభై దాటిన ఒకావిడ రెండు పొయ్యిల మధ్య నిలబడి ఉంది. కోడలు కింద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. పులుసు చాలా బాగుందక్కా అంటే ఆవిడ మొహం విచ్చుకుంది. మాటల్లో పెట్టి, "మీరెంత తీసుకుంటారు నెలకి?" అని అడిగాను. ఆవిడకి ప్రశ్నే అర్థం కాలేదు.

"జీతమా? మన హోటలే కదమ్మా, మనకి మనమే జీతం ఇచ్చుకుంటామా!"

"మరి వంట మాస్టర్ని పెట్టుకుంటే?"

"అబ్బో, ఇరవై వేలకి తక్కువ రాడు. రెండు పూటలా తిండి, వారానికో రోజు సెలవు. ఆ డబ్బు మిగులుతా ఉందనేగా ఈ హోటలు నడస్తా ఉండాది!" అని నవ్వింది.

ఆవిడ నవ్వుతూ అన్నా, ఆ ఒక్క మాటలో వ్యాపారం గుట్టంతా ఉంది. పెట్టుబడి ఎవరిదని అడిగితే ఆయన స్థలం, బల్లలు, గ్యాసు పొయ్యి లెక్క చెబుతాడు. ప్రతి నెలా ఆవిడ తీసుకోకుండా వదిలేసే ఆ ఇరవై వేలు పెట్టుబడి కాదా? ఇంకోటి కూడా ఉంది. మనం పిల్లల్ని వెంటబెట్టుకుని ముక్కూమొహం తెలియని ఊళ్ళో ఒక హోటల్లోకి ధైర్యంగా ఎందుకు వెళతాం? లోపల ఆడమనిషి కనబడింది కనుక. మందు సీసాలు ఉండవని నమ్మకం. బాత్రూముకి వెళ్ళాలంటే మొహమాటం లేకుండా ఆవిడనే అడగొచ్చని ధీమా. ఆవిడ అక్కడ ఉండటమే కుటుంబాలని లోపలికి రప్పిస్తోంది. దానికి ఏ పద్దులోనూ లెక్క లేదు.

చేపలు దొరకని రోజులు కూడా ఆవిడ మీదే పడతాయి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది మంచిదే. అయితే అప్పుడు సముద్రపు చేప తగ్గుతుంది, ధర పెరుగుతుంది. చెరువు చేపతో, గుంటల రొయ్యలతో, ఎండు నెత్తళ్ళతో బల్ల మీద వెలితి కనబడకుండా నెట్టుకురావాలి. ఇంట్లో నెలాఖరు గడిపే ఒడుపే ఇక్కడా పనికొస్తుంది. పెద్ద హోటళ్ళలో ఈ పని చేసేవాళ్ళని మేనేజరు అంటారు. ఇక్కడ "మా ఆవిడ" అంటారు, అంతే తేడా.

ఇది ఒక్క హోటలు కథ అయితే ఇంత రాయక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2023-24లో చేసిన శ్రామిక సర్వే ప్రకారం మన దేశంలో పనిచేస్తున్న ఆడవాళ్ళలో మూడింట ఒక వంతుకు పైగా "ఇంటి వ్యాపారంలో సహాయకులు". అంటే పొలంలోనో, కొట్లోనో, హోటల్లోనో పని చేస్తారు, జీతం మాత్రం ఉండదు. ఇక ఇంటిపని సంగతి చూస్తే, 2024 సమయ వినియోగ సర్వేలో రోజుకి ఆడవాళ్ళు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు అని తేలింది. అదీ ఇంటిపని చేసే మగవాళ్ళని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే! హోటలు నడిపే ఇల్లాలికి ఈ రెండూ కలుస్తాయి. హోటలు పొయ్యి ఆర్పాక ఇంటి పొయ్యి వెలిగించాలి.

"భార్యాభర్తల మధ్య లెక్కలేమిటి? ఆయన డబ్బు ఆవిడది కాదా?" అని అడిగేవాళ్ళుంటారు. సంసారం సవ్యంగా సాగినన్నాళ్ళు ఆ మాట బాగానే ఉంటుంది. మా బంధువుల ఊళ్ళో జరిగింది చెబుతాను. ఒకావిడ పాతికేళ్ళు హోటల్లో వండింది. భర్త హఠాత్తుగా పోయాడు. స్థలం ఉమ్మడిది, లైసెన్సు, బ్యాంకు ఖాతా ఆయన పేరునే ఉన్నాయి. కర్మకాండలు అయిన నెలకి మరిది గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. అదే పొయ్యి దగ్గర ఆవిడ ఇప్పుడు కూలికి వండుతోంది. సొంతంగా పెట్టుకుందామని అప్పు కోసం బ్యాంకుకి వెళితే, ఇన్నాళ్ళు మీరేం సంపాదించారో చూపించమన్నారు. పాతికేళ్ళ సంపాదన చూపడానికి ఆవిడ దగ్గర ఒక్క కాగితం లేదు. ఆమె చేతి రుచి తెలిసిన వాళ్ళు ఊరంతా ఉన్నారు. బ్యాంకులో ఆ సాక్ష్యం చెల్లదు.

నెల్లూరు ఆడవాళ్ళకి లెక్కలు చేతకాక ఇలా జరుగుతోందని నేననుకోను. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించి రాష్ట్రాన్ని కదిలించారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం వెనకాలే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి కూడా ఈ జిల్లాలోనే పుట్టింది. తాగుడు మీద ఎంత పోతోందో, రూపాయి రూపాయి చేరిస్తే ఎంత అవుతుందో లెక్కగట్టిన చేతులివి. తమ చెమటకి ఎంతో లెక్కగట్టడమే మిగిలింది.

ఏం చేయాలంటారా? మహా కష్టమైనదేమీ లేదు. హోటలు లైసెన్సులో ఇద్దరి పేర్లూ ఉండాలి. నెల మొదట్లో చేపల వాడికీ, గ్యాసు వాడికీ ఇచ్చినట్టే ఆవిడకీ ఇంత అని ఆవిడ సొంత ఖాతాలో పడాలి. మిగిలితే ఇద్దాంలే అనకూడదు, మిగలదు. కోడలికి కూడా అంతే. వారానికో పూట ఆవిడ పొయ్యి దగ్గర కాకుండా బల్ల దగ్గర కూర్చోవాలి.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. 2020లో కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మామూలు వారికి 40 శాతం సాయం అయితే మహిళలకి 60 శాతం అన్నారు. మంచి మాటే. కానీ ఎక్కువ సబ్సిడీ వస్తుందంటే ఆవిడ పేరు రాయించి, డబ్బు రాగానే "నీకెందుకులే" అనే మగవాళ్ళు ఏ ఊళ్ళో లేరు? పేరు ఆవిడది, పెత్తనం ఆయనది అయితే మనం మళ్ళీ మొదటికే వచ్చినట్టు. సంతకంతో పాటు పాసు పుస్తకం కూడా ఆవిడ చేతిలోనే ఉండాలి.

తినడానికి వెళ్ళే మనం కూడా కొంత చేయొచ్చు. బాగుందన్న మాట గల్లాపెట్టె దగ్గర కాదు, వంటింటి గుమ్మం దగ్గర చెబుదాం. బిల్లు కట్టేందుకు ఫోనుతో స్కాన్ చేసినప్పుడు ఎవరి పేరు వస్తోందో చూద్దాం. "అక్కయ్య పేరున ఖాతా లేదా అన్నా?" అని నవ్వుతూ ఒక మాట అడుగుదాం. ఒకరు అడిగితే వింతగా చూస్తారు. పదిమంది అడిగితే ఆలోచిస్తారు. అన్నట్టు, హోటలు దాకా ఎందుకు? మన ఇళ్ళలో కిరాణా కొట్టులో, టైలరు షాపులో, పాల వ్యాపారంలో చెయ్యి కలిపే ఆడవాళ్ళు ఎంతమంది లేరు? ఇదే ప్రశ్న అక్కడా వేసుకోవచ్చు.

ఇంటి రుచి అని మురిసిపోతూ మనం డబ్బిచ్చి కొనుక్కుంటున్నది ఒక ఆడదాని చేతి పనిని. అమ్మ రుణం తీర్చుకోలేం అంటారు. నిజమే కావచ్చు. జీతం మాత్రం తీర్చొచ్చు. ఏమంటారు?