గిరీశం గురించి మనం ఏమనుకుంటున్నాం?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు, అందరిలాగే పాత జ్ఞాపకాలు రాద్దామనుకున్నాం. పొద్దున్నే మోగే గంట, ట్రంకు పెట్టెల తాళాలు, పప్పు బకెట్టు దగ్గర తోపులాట ప్రతి సంచికలోనూ వస్తూనే ఉంటాయి. ఈసారి వాటిని పక్కనపెట్టి, కొన్ని నెలలుగా మమ్మల్ని బాధపెడుతున్న ఒక విషయాన్ని మీ ముందు పెడుతున్నాం.

ఇదే హాస్టల్‌లో చదువుకుని బయటికి వెళ్లిన మేం కొందరం, ఆదివారాల్లో స్టడీ అవర్‌కు వచ్చి తమ్ముళ్ల చేత వ్యాసాలు రాయిస్తున్నాం. ఒక ఆదివారం ‘కన్యాశుల్కం’ నాటకం మీద ప్రశ్న ఇచ్చాం. ‘గిరీశం పాత్ర గురించి మీ అభిప్రాయం రాయండి’ అన్నదే ఆ ప్రశ్న. కాగితాలు తీసుకుని చూస్తే దాదాపు అన్నీ ఒకటే. గిరీశం మాటకారి, మోసగాడు, ఇంగ్లీషు మోజు ఉన్నవాడు, అవకాశవాది, గురజాడ వారు ఈ పాత్రను అద్భుతంగా చిత్రించారు. విశేషణాల వరస కూడా మారలేదు. గైడులో ఎలా ఉందో అలాగే దిగింది. ప్రశ్నలో ‘మీ అభిప్రాయం’ అని ఉంది. ఆ కాగితాల్లో అదొక్కటే లేదు.

ఇది తమ్ముళ్ల తప్పని మేం అనడం లేదు. మేమూ అలాగే రాశాం, అలాగే మార్కులు తెచ్చుకున్నాం. కానీ బయటికి వెళ్లాక తెలిసింది, మనకు రానిది ఇంగ్లీషు ఒక్కటే కాదని. ‘నేనిలా అనుకుంటున్నాను, ఎందుకంటే ఇదిగో’ అని నిలబడి చెప్పడం రాలేదు. ఇంటర్వ్యూలో రాలేదు, డిగ్రీ క్లాసులో రాలేదు, ఊళ్లో పెద్దమనుషుల ముందూ రాలేదు. ఆ అలవాటు నేర్చుకోవడానికి నాటకం మీద వ్యాసం రాయడాన్ని మించిన పని మరొకటి లేదన్నది మా అభిప్రాయం.

ముందు ఒక తేడా చూద్దాం. ‘గిరీశం మోసగాడు’ అంటే కాదనేవాళ్లెవరూ లేరు. కాదనేవాళ్లు లేనిచోట వాదించడానికి ఏముంటుంది? వాదన ఉన్న వ్యాసానికి మొదటి వాక్యం ఎలా ఉండాలంటే, మన పక్క మంచం వాడు చదివి ‘నేనొప్పుకోను’ అనగలగాలి. అప్పుడు వాణ్ణి ఒప్పించే పని మనమీద పడుతుంది. ఆ పనే వ్యాసం.

‘కన్యాశుల్కం’తోనే చేసి చూపిస్తాం. చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాం. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఉంటాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే వితంతువైంది. ఇప్పుడు చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లు అనే ముసలాయనకు 1,800 రూపాయల శుల్కానికి ఇవ్వాలని ఒప్పందం. తల్లి వెంకమ్మ వద్దని ఏడుస్తుంది. ఆమె అన్నదమ్ముడు కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, ఆ దొంగ పెళ్లికూతుర్నే లుబ్ధావధాన్లకు కట్టబెడతాడు. మధురవాణి అనే వేశ్య దానికి సాయం చేస్తుంది. ఈలోగా కొడుకు వెంకటేశానికి చదువు చెప్పే మిషతో ఆ ఇంట్లో చేరిన గిరీశం, వితంతు వివాహం పేరు చెప్పి బుచ్చమ్మను లేవదీసుకుపోతాడు.

గురజాడ అప్పారావు గారి ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో ఆయనే బాగా పెంచి తిరగరాశారు. ఇప్పుడు మనం చదివేది ఆ రెండో రూపమే. మొదటి ముద్రణకు ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్ల జాబితా తయారు చేయిస్తే 1,034 తేలాయి. అందులో 99 మంది పిల్లలు ఐదేళ్లవాళ్లు. ఏడాది పిల్లలు ముగ్గురు! ఈ లెక్క గుర్తుపెట్టుకుని నాటకం చదివితే, సుబ్బి పెళ్లి మాటలు నవ్వుకోవడానికి మాత్రమే రాసినవి కావని తెలుస్తుంది.

ఇప్పుడు ఒక చిక్కు చూడండి. నాటకం పేరు కన్యాశుల్కం. కానీ గిరీశం ఎవరి దగ్గరా పిల్లను కొనలేదు, ఎవరికీ అమ్మలేదు. మరి శుల్కంతో సంబంధం లేని మనిషిని గురజాడ తెర తీయగానే మన ముందు ఎందుకు నిలబెట్టారు? ఈ ప్రశ్న గైడులో మాకు కనిపించలేదు. పాత్రకూ ఇతివృత్తానికీ ముడి ఎక్కడుందో వెతికించే ప్రశ్న ఇదే.

మా జవాబు ఇది. లుబ్ధావధాన్లు ఆడపిల్లను రూపాయలు పెట్టి తెచ్చుకోబోయాడు, గిరీశం మాటలు పెట్టి తెచ్చుకోబోయాడు. సరుకు ఒకటే, చెల్లింపు వేరు. అందుచేత గిరీశం ఈ నాటకానికి బయటివాడు కాదు. కన్యాశుల్కం అనే జబ్బు కొత్త చదువు వేషంలో వస్తే ఎలా ఉంటుందో అదే గిరీశం.

ఇది మా వాదన. రుజువులు కావాలి గదా. రుజువు అంటే నాటకంలో జరిగిన పని, పలికిన మాట. మొదటిది, గిరీశం మాట వినేవాణ్ణి బట్టి మారుతుంది. వెంకటేశం ముందు గొప్ప ఇంగ్లీషు చదువరి. అగ్నిహోత్రావధాన్ల ముందు ఆచారం తెలిసినవాడు, కోర్టు కాగితాలకు సాయపడేవాడు. బుచ్చమ్మ ముందు వితంతువుల కోసం గుండె కరిగిపోయేవాడు. సౌజన్యారావు పంతులు ముందు సంఘ సంస్కర్త. నమ్మకం ఉన్నవాడి మాట ఇన్నిసార్లు మారదు. రెండోది, బుచ్చమ్మకు చెప్పనిది. విజయనగరంలో పూటకూళ్లమ్మతోనూ మధురవాణితోనూ తన వ్యవహారం ఆమెకు తెలియనివ్వలేదు. కొనేవాడికి సరుకు మీద దయ ఉండొచ్చు, కానీ లెక్క చెప్పాలని అనుకోడు. మూడోది, సంస్కరణ అనే మాట అతనికి ఎప్పుడు పనికొచ్చిందో చూడండి. తనకు లాభం ఉన్నచోటే వచ్చింది. అదే ఇంట్లో సుబ్బిని అమ్మేస్తున్నారు. ఆ పిల్లను తప్పించాలని తన చదువుతో గట్టిగా నిలబడినవాడు గిరీశం కాదు, ఒక నాటకాలాడే కరటకశాస్త్రి, ఒక వేశ్య.

ఇంతవరకూ రాస్తే సగం వ్యాసమే. ఎదుటివాడి మాట మనమే చెప్పి, దానికి జవాబివ్వాలి. మా ఆదివారం తరగతిలో ఇంటర్ చదివే తమ్ముడు లేచి గట్టిగానే అడిగాడు. ‘అన్నా, బుచ్చమ్మ తనంతట తాను వెళ్లింది గదా. ఆ ఇంట్లో ఉంటే ఆమెకు జీవితమంతా ఏముంది? గిరీశం మోసగాడే అయినా తలుపు తీసినవాడు వాడే గదా?’ మేం కాసేపు నోరు మూసుకోవాల్సి వచ్చింది. అందులో నిజం ఉంది. 1856లోనే వితంతు వివాహాన్ని చట్టం ఒప్పుకుంది. 1881 డిసెంబరులో వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. అయినా ఆ అగ్రహారంలో బుచ్చమ్మకు ఆ సంగతి చెప్పేవాడు గిరీశం తప్ప లేడు. కాబట్టి తమ్ముడి మాటలో సగం ఒప్పుకుని మా వాక్యాన్ని దిద్దుకున్నాం. తలుపు తీసినవాడు గిరీశమే, కానీ అవతల ఏముందో అబద్ధం చెప్పి తీశాడు. తెలిసి గడప దాటడం వేరు, తెలియక దాటడం వేరు. ఎదుటివాడి వాదన విన్నాక మన వాదన ఓడిపోలేదు, ముందుకంటే గట్టిపడింది.

మధురవాణిని పక్కన పెట్టి చూస్తే ఈ వాదన ఇంకా నిలబడుతుంది. లోకం అమ్ముడుపోయేదని పిలిచే మనిషి ఆమె. కానీ అందరూ ఏదో ఒకటి అమ్ముకుంటున్న ఆ నాటకంలో అమ్మకాన్ని ఆపినది ఆమే. చివరికి మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్లి కేసు చిక్కు విప్పినప్పుడు, ప్రతిఫలంగా ఒక ముద్దు అడిగి, మంచివాళ్లను చెడగొట్టకూడదన్న నియమంతో దాన్ని కూడా తానే వదులుకుంది. గిరీశం నోట నీతి ఉంది, చేతలో లేదు. మధురవాణి సంగతి దానికి తలకిందులు. పాత్రలను ఇలా పక్కపక్కన పెట్టినప్పుడే నాటకం దేని గురించో బయటపడుతుంది.

మాలో ఒకడు పదో తరగతిలో ‘ఈ నాటకంలో అందరికంటే మంచి మనిషి మధురవాణి’ అని రాశాడు. మాస్టారు ఎర్రసిరాతో కొట్టేశారు. చాలా ఏళ్లు ఆ మాస్టారి మీద కోపం పెట్టుకున్నాడు. మొన్న ఆ కాగితం ట్రంకు పెట్టెలో దొరికితే మళ్లీ చదివాం. అభిప్రాయం ఉంది, దాని కింద ఒక్క రుజువు కూడా లేదు. కొట్టేసినవారు ఎందుకో చెప్పి ఉంటే బాగుండేది. కానీ కొట్టేయడానికి కారణమైతే ఉంది. సొంత అభిప్రాయం అంటే తోచింది రాయడం కాదు. గైడు కాపీ ఎంత బద్ధకమో, రుజువు లేని ధైర్యం కూడా అంతే బద్ధకం.

ఇక ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాం. ఆ ఆదివారం కాగితాల్లో ఒకటి మాత్రం వేరుగా ఉంది. ఎనిమిదో తరగతి తమ్ముడిది. గైడులోని ఐదు విశేషణాలూ రాసి, కింద చిన్న అక్షరాలతో ఇలా రాశాడు. మా అక్కకు కూడా వేసవి సెలవుల్లో పెళ్లి చేశారు, అక్కను ఎవరూ అడగలేదు, సుబ్బిని కూడా ఎవరూ అడగలేదు. రాసి, మళ్లీ గీతలు పెట్టి కొట్టేశాడు. ఎందుకు కొట్టేశావురా అంటే ‘అది సిలబస్‌లో లేదు గదన్నా’ అన్నాడు.

తమ్ముళ్లూ, ఆ కాగితం మొత్తంలో వాడు సొంతంగా చూసింది ఆ ఒక్క మాటే. దాన్నే కొట్టేశాడు. నిజంగానే నాటకం తెరిచి చూడండి. సుబ్బి కోసమే ఇంత గొడవ జరిగితే, సుబ్బికి దక్కిన చోటెంత? అందరూ ఆ పిల్ల గురించి మాట్లాడేవాళ్లే, ఆ పిల్లతో మాట్లాడేవాళ్లు ఎంతమంది? పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు వ్యాసం రాయదగ్గ ప్రశ్న అది. మన ఎనిమిదో తరగతి వాడికి ఎలా దొరికింది? వాడింట్లో అది జరిగింది గనుక.

అయితే వాడికి మేం చెప్పింది ఒకటుంది. ‘అక్క సంగతి నీకు ఎక్కడ చూడాలో చూపించింది. కానీ గురజాడ ఏం చూపించారో రుజువు చేయడానికి అక్క సరిపోదు. సుబ్బి ఎక్కడెక్కడ కనిపిస్తుందో, ఆ పిల్ల పేరు ఎవరెవరు ఏ సందర్భంలో ఎత్తారో గుర్తుపెట్టుకుని రా.’ మన బతుకు మనకు ప్రశ్న ఇస్తుంది, రుజువు నాటకంలో వెతుక్కోవాలి. ఈ రెండూ కలిసిన వ్యాసాన్ని ఎవరూ కొట్టేయలేరు. తర్వాతి ఆదివారం వాడు మూడు పేజీలు రాసుకొచ్చాడు. అక్షర దోషాలు చాలానే ఉన్నాయి. కానీ మొదటి వాక్యంతో మేం నలుగురం అరగంట వాదించుకున్నాం.

‘ఇదంతా బాగానే ఉంది, మార్కులు ఎవరిస్తారు?’ అనే ప్రశ్న వస్తుందని తెలుసు. గైడు చదవొద్దని మేం అనడం లేదు. ముందు నాటకం చదవండి, గైడు తర్వాత చదవండి. భాష కష్టంగా ఉంటే ఒకరు గిరీశం, ఒకరు వెంకటేశం అయి పైకి చదవండి. అది వందేళ్ల నాటి విజయనగరం వాళ్ల మాట, చెవిన పడితే తేలిగ్గా అర్థమవుతుంది. పాత్ర చేసిన మూడు పనులు, చెప్పిన మూడు మాటలు నోట్‌బుక్‌లో రాసుకోండి. చేతకూ మాటకూ ఎక్కడ తేడా వచ్చిందో గీత గీయండి. అక్కడే మీ వాక్యం దొరుకుతుంది.

పాత విద్యార్థులకు కూడా ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పెన్నులు, ప్లేట్లు ఇస్తున్నాం, మంచిదే. మన హాస్టల్ అలమరాలో ‘కన్యాశుల్కం’ ప్రతి ఒకే ఒక్కటి ఉంది, దానికీ అట్ట లేదు. గైడులు మాత్రం మంచానికొకటి ఉన్నాయి. ఈసారి వచ్చేటప్పుడు తలా ఒక నాటకం తెండి. ఒక ఆదివారం కూర్చుని, తమ్ముళ్లు ఏమనుకుంటున్నారో అడగండి.

బాల్య వివాహాలను ఆపడానికి 1929లో ఒక చట్టం, 2006లో మరో చట్టం వచ్చాయి. చట్టం ఉన్నా, ఇంట్లో పెద్దవాళ్లు సంబంధం ఖాయం చేసుకుని వచ్చిన రాత్రి, చదువుకున్న పిల్లవాడు లేచి ‘నాన్నా, ఇది తప్పు, ఎందుకంటే’ అని చెప్పగలగాలి. ఆ ‘ఎందుకంటే’ తర్వాత మాట రావడం కోసమే ఈ వ్యాసాలు. ఆ ఎనిమిదో తరగతి తమ్ముడికి ఇంకో చెల్లి ఉంది.