ఛార్జిషీటు లేకుండా ఆర్నెల్ల జైలు

బాంబు పెట్టినవాణ్ణి పట్టుకోవద్దని ఎవరూ అనరు. కంటబడిన వాళ్ళనల్లా పట్టుకుపోతేనే గొడవ. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలాక పోలీసులు పాతబస్తీ ముస్లిం కుర్రాళ్ళను డజన్లకొద్దీ పట్టుకుపోయారు. వాళ్ళమీద బనాయించిన కుట్ర కేసులు కోర్టులో నిలవలేదు. 2012లో సర్కారే నష్టపరిహారం పంచింది. మరుసటేడు హైకోర్టు అదీ చెల్లదంది!

ఇది పట్నం గొడవ, మనకెందుకంటారా? 1948-50లో కృష్ణా జిల్లా రైతుకూలీ కార్యకర్తలను శాంతిభద్రతల పేరు చెప్పి విచారణ లేకుండానే కడలూరు జైల్లో పెట్టారు. ఇప్పుడు ఉగ్రవాదం పేరు.

మామూలు కేసుల్లో ఛార్జిషీటుకు గడువు 60 లేక 90 రోజులు. ఉపా చట్టం కింద, 2008 సవరణతో, కోర్టు ఒప్పుకుంటే 180 రోజులు. అంటే దివిసీమలో సార్వా ఊడ్పుల నుంచి కుప్పనూర్పిళ్ళ దాకా. నాలుగు గింజలు ఇంటికొచ్చే కాలమంతా మనిషి లోపలే. తర్వాత నిర్దోషి అని వదిలితే ఆ కూలి ఎవరిస్తారు?

అందుకే మన కార్యకర్తలు రోజులు లెక్కపెట్టుకోవాలి. గడువు దాటినా ఛార్జిషీటు పడకపోతే, అడిగినవాడికి కోర్టు బెయిలిచ్చి తీరాలి. పిటిషను మాత్రం ఆ రోజే పడాలి. ఈలోగా పోలీసులు ఛార్జిషీటు పెట్టేస్తే ఆ హక్కు పోయినట్టే.