ఎవరికి దూరం?

ఇంటర్ ఫలితాలు రాగానే మా వేటపాలెంలో ఏ ఇంటికెళ్ళినా కాలేజీ కబురే. అబ్బాయైతే కాలేజీ ఎలాంటిదని అడుగుతారు. అమ్మాయైతే ఎంత దూరమని అడుగుతారు. 2020-21 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ అయ్యాయి, రాష్ట్రంలో ఏ కాలేజీనైనా కోరుకోవచ్చు. కానీ నెట్ సెంటర్లో కూర్చుని ఆప్షన్లు పెట్టేది అన్నో, బాబాయో. ఆ జాబితా చీరాలతో మొదలై చీరాలతోనే ఆగిపోతుంది.

చీరాల పది కిలోమీటర్లు కూడా లేదు. అక్కడి చదువు చెడ్డదని నేననడం లేదు. మేం కలిసిన ఒక నేత కుటుంబంలో అమ్మాయి గుంటూరు ప్రభుత్వ మహిళా కళాశాలలో చేరతానంది. "అంత దూరం పంపి మేం నిద్రపోగలమా అమ్మా?" అంది తల్లి. ఆ భయం అబద్ధం కాదు. అయితే మాటల్లో ఇంకొకటి బయటపడింది. పిల్ల సాయంత్రానికి ఇంటికొస్తే కండెలు చుడుతుంది, వంట అందుకుంటుంది. నేసినందుకు మజూరీ తండ్రి చేతికొస్తుంది. కండెలు చుట్టిన చేతులకి విడిగా లెక్కే లేదు. ఆ చేతులు గుంటూరు వెళ్ళిపోతే మాత్రం వాటి ఖరీదు వెంటనే తెలిసొస్తుంది! ఆ ఇంటి కొడుకు హైదరాబాదులో చదువుతున్నాడు. 1918లోనే సారస్వత నికేతనం గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మాది.

ఇక భయం సంగతి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనంలో, దారిలో వేధింపులు తక్కువుంటాయనుకుంటే చాలు, మంచి కాలేజీని వదులుకుని నాసిరకం కాలేజీకైనా అమ్మాయిలు సిద్ధపడుతున్నారని తేలింది. రాజధానిలోనే ఇలా ఉంటే మన పిల్లల్ని ధైర్యం లేనివాళ్ళని ఎలా అంటాం?

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచిదే. కానీ ల్యాబు అయిపోయే వేళకి బస్సు లేకపోతే ఉచితం ఏం చేసుకోవాలి? హాస్టల్లో సీటు దొరక్కపోతే గుంటూరు ఎప్పటికీ దూరమే. మన సంఘాల్లోనూ కొందరు "దగ్గర్లో ఏదో ఒకటి చదవనిద్దాం, పెళ్ళి ఆగితే అదే పదివేలు" అని సర్దుకుంటున్నారు. పెళ్ళి ఆపడం చిన్న పని కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆప్షన్లు పెట్టే రోజున ఆ నెట్ సెంటర్లో అమ్మాయి పక్కన మనలో ఒకరు కూర్చోవాలి, చేతిలో హాస్టల్ దరఖాస్తుతో సహా.