యూటర్న్ దూరమైతే రాంగ్ రూట్ దగ్గరవుతుంది

హైదరాబాద్‌లో చాలా కూడళ్ల దగ్గర ఇప్పుడు సిగ్నల్ కనిపించదు. కుడికి వెళ్లాల్సినవారు నేరుగా ముందుకు సాగి, డివైడర్‌లో వదిలిన కట్ దగ్గర యూటర్న్ తీసుకుని, వెనక్కి వచ్చి ఎడమకు తిరగాలి. కూడలి మధ్యలో బారికేడ్లు పెట్టేశారు. వాహనాలు ఆగకుండా కదులుతున్నాయి కాబట్టి రద్దీ సమస్య తీరిందని అధికారులు చెబుతారు. రద్దీ కొంత తగ్గిన మాట నిజమే. కానీ కూడలి దగ్గరి ప్రమాదం తొలగిపోలేదు. కొన్ని వందల మీటర్లు ముందుకు జరిగి, డివైడర్ కట్ దగ్గర కూర్చుంది.

ఎందుకో చూద్దాం. మనం రోడ్డుకు ఎడమవైపు నడుస్తాం. డివైడర్‌ను ఆనుకుని ఉండే కుడి లేన్ వేగంగా వెళ్లేవారిది. యూటర్న్ తీసుకునే మనిషి వేగం తగ్గించుకోవాల్సింది సరిగ్గా ఆ లేన్‌లోనే. తిరిగాక చేరేది కూడా అవతలి రోడ్డులోని వేగపు లేన్‌లోకే. ఒక మామూలు కారు పూర్తిగా తిరగడానికి సుమారు పది మీటర్ల వెడల్పు కావాలి. నగరంలో చాలాచోట్ల డివైడర్ మీటరు, మీటరున్నరకు మించదు. అందువల్ల కారు తిరిగేసరికి అవతలి రోడ్డులో రెండు లేన్లు దాని కిందికి వెళ్లిపోతాయి. బస్సుకూ లారీకీ ఇంతకు రెట్టింపు చోటు కావాలి. అవి ఒక్క విడతలో తిరగలేక వెనక్కి జరిగి మళ్లీ తిప్పుకుంటాయి. అంతసేపూ రోడ్డు మొత్తానికి అడ్డమే.

ఈ మలుపుకు ఆరు సెకన్లు పడుతుందనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆ ఆరు సెకన్లలో 130 మీటర్లు దాటేస్తుంది. ఆ వేగంలో ఉన్న డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు వేసి ఆగాలంటే కనీసం 120 మీటర్ల మేర రోడ్డు కనబడాలన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. మన డివైడర్ల కట్‌ల దగ్గర అంత దూరం కనబడుతుందా? గన్నేరు పొదలు ఒక పక్క, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు మరో పక్క. ఎదుటి హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో పడకుండా డివైడర్ మీద మొక్కలు పెంచడం మంచి ఆలోచనే. కట్‌కు ఇరువైపులా వాటిని కత్తిరించి ఉంచకపోతే మాత్రం అవే ప్రాణం తీస్తాయి.

దీనికి మన అలవాటు తోడవుతుంది. ఒకరి వెనక ఒకరు నిలబడాల్సిన చోట పక్కపక్కనే రెండు మూడు వరుసలు కడతాం. కారు డివైడర్‌ను ఆనుకుని ఉంటే, దాని ఎడమ పక్కన ఆటో, ఆ పక్కన బైకు, ఒక్కోసారి ఏకంగా బస్సు. కారు సగం తిరిగేసరికి ఎదుటి వాహనాలు వచ్చేది దాని ఎడమవైపు నుంచే. డ్రైవరు కూర్చునేది కుడి సీట్లో. అంటే ప్రమాదం ఏ దిక్కు నుంచి వస్తుందో ఆ దిక్కునే పక్క వరుసలోని బస్సు మూసేస్తుంది. బస్సు కదిలింది కదా అని దాని నీడలో కదిలేవారు ఎదురుగా వచ్చేదేదీ చూడకుండానే కదులుతున్నారు. యూటర్న్ దగ్గర చేయకూడని పనుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే.

చట్టం ఈ విషయంలో అస్పష్టంగా లేదు. నిషేధ సూచిక ఉన్నచోట యూటర్న్ తీసుకోకూడదు. అనుమతి ఉన్నచోట కూడా ముందుగా సంకేతమిచ్చి, అద్దంలో వెనక చూసుకుని, రోడ్డు ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాకే తిరగాలి. నేరుగా వస్తున్నవారికి దారి ఇవ్వాల్సిన బాధ్యత తిరిగేవారిదే. ఇండికేటర్ వేయడమంటే తిరగబోతున్నానని చెప్పడమే, దానితో దారి హక్కు రాదు. చాలామంది మాత్రం ఇండికేటర్ వేసిన మరుక్షణమే ఎదుటివారు ఆగాలని ఆశిస్తున్నారు.

ఇక రాంగ్ రూట్ సంగతి. కట్ 800 మీటర్ల దూరంలో ఉంటే, ఎదురుగా కనిపించే పెట్రోల్ బంకుకో, పిల్లల బడికో చేరడానికి కిలోమీటరున్నర తిరగాలి. ఆర్డరుకు ఇంత అని డబ్బు తీసుకునే డెలివరీ కుర్రాడికి ఆ దూరం పెట్రోలు ఖర్చు, కాలం ఖర్చు. అతడు అంచు పట్టుకుని ఎదురు వస్తాడు. అది నేరమే, దాన్ని సమర్థించలేం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 5.4 శాతం మంది ప్రాణాలు పోవడానికి కారణం రాంగ్ రూట్ డ్రైవింగ్ అని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెప్పింది. అంటే ఒక్క ఏడాదిలో తొమ్మిది వేలకు పైగా ప్రాణాలు. అయితే ఒకే చోట రోజూ వందల మంది ఒకే తప్పు చేస్తుంటే, వాళ్లందరి బుద్ధినీ తప్పుపట్టి ఊరుకోవడం కుదరదు. ఆ చోటును కూడా పరీక్షించాలి.

సిగ్నల్ తీసేసినప్పుడు పాదచారి పోగొట్టుకున్నదాన్ని ఎవరూ లెక్కలో వేయడం లేదు. ఎర్రలైటు పడినప్పుడు వాహనాలు ఆగే ఆ కొద్ది క్షణాలే వృద్ధులకు, పిల్లలకు రోడ్డు దాటే వేళ. ఆగని వాహన ప్రవాహంలో వాళ్లు చెయ్యి చాపి, దేవుణ్ణి తలుచుకుని దాటుతున్నారు. మెట్లెక్కే ఓపిక ఉన్నవాళ్లకే ఫుటోవర్ బ్రిడ్జి.

యూటర్న్ పద్ధతి స్వతహాగా చెడ్డదేమీ కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం 1960ల నుంచి ఇదే సూత్రాన్ని వాడుతోంది. అక్కడ రోడ్డుకు కుడివైపు నడుస్తారు కాబట్టి వారికి ఇబ్బంది పెట్టేది ఎడమ మలుపు. దాన్ని కూడలిలో ఆపేసి, సుమారు 200 మీటర్ల అవతల యూటర్న్ ఇచ్చారు. డివైడర్ మన రోడ్డంత వెడల్పు ఉంటుంది. తిరిగేవారు వేగపు లేన్‌లో నిలబడకుండా విడిగా ఒక లేన్ ఉంటుంది. పెద్ద లారీలు ఒక్క విడతలో తిరిగేందుకు అవతలి అంచున రోడ్డును కొంత వెడల్పు చేస్తారు. చాలా కట్‌ల దగ్గర సిగ్నళ్లూ ఉంటాయి. ఇన్ని ఏర్పాట్లు ఉన్నాయి కాబట్టే అక్కడ ప్రమాదాలు తగ్గాయి. మనం అందులోంచి మలుపును మాత్రమే తెచ్చుకుని, మిగిలిన ఏర్పాట్ల భారాన్ని డ్రైవరు నేర్పు మీద వదిలేశాం.

హైవేల మీద పరిస్థితి ఇంకా కఠినం. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి నాలుగు లేన్లు అయ్యాక ఊరు ఒకవైపు, పొలం మరోవైపు అయిన రైతులున్నారు. అధికారిక కట్ దూరమైతే ట్రాక్టరు సర్వీసు రోడ్డులో ఎదురు వస్తుంది, లేదా డివైడర్ పగులుతుంది. రాత్రివేళ వెనక లైటు లేని ట్రాలీ ఆ పగులులోంచి తిరుగుతుంటే, సంక్రాంతికి ఊరెళ్లే కారుకు అది కనబడేది చివరి క్షణంలోనే. ఆ పగులును పూడ్చడం సులువు. దాని వెనకున్న అవసరానికి అండర్‌పాస్ కట్టడమే పరిష్కారం.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ వాహన ప్రవాహానికి ఎదురు నడపడాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌గా చేర్చింది. మొదటి తప్పుకు వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. ఆ కేసులు పెట్టాల్సిందే. అదే సవరణ 198ఎ సెక్షన్‌ను కూడా తెచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా వికలాంగులైనా, బాధ్యులైన అధికారులకు, కాంట్రాక్టర్లకు, కన్సల్టెంట్లకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడగాల్సింది ఇది. ఒక కూడలి మూసే ముందు, మూసిన ఆరు నెలలకూ అక్కడి ప్రమాదాల, రాంగ్ రూట్ కేసుల లెక్కలు ప్రజల ముందు పెట్టండి. తిరిగేవారికి విడి లేన్ ఇవ్వలేని చోట, పాదచారికి దాటే సమయం చూపలేని చోట సిగ్నల్‌ను తిరిగి పెట్టండి. కట్ దగ్గర ఎవరైనా చనిపోతే డ్రైవరు తప్పుతో పాటు ఆ కట్‌ను అక్కడ పెట్టిన నిర్ణయాన్ని కూడా విచారించండి. 198ఎ సెక్షన్ ఉన్నది అందుకే.