పీసీ కామారెడ్డిలో, మీరు ఎల్లారెడ్డిలో

బతుకమ్మకి ఎల్లారెడ్డి వెళ్లారు, పని చేయాల్సిన పీసీ కామారెడ్డి ఇంట్లో ఉంది. రిమోట్‌గా తెరవాలంటే రౌటర్‌లో 3389 పోర్టు ఫార్వర్డ్ చేసేయమంటారు చాలామంది. ఒక్క నిమిషం ఆగండి.

ముందు రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీది సీజీనాట్. అంటే ఐపీవీ4 అడ్రస్‌లు చాలక ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నారు. ఎన్ని సెట్టింగ్స్ మార్చినా బయటి కనెక్షన్ మీ రౌటర్ దాకా రాదు. 192.168తో మొదలైతే ముందున్న మోడెమ్ కూడా రౌటర్‌లా పనిచేస్తోందన్నమాట.

పబ్లిక్ ఐపీ ఉంటే? అసలు భయం అప్పుడే. తెరిచిన 3389 దగ్గర బాట్‌లు పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తూనే ఉంటాయి. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపంతోనైతే పాత విండోస్‌లోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరొచ్చు. దూరినవాళ్లు ఫైళ్లకు తాళం వేసి డబ్బులడుగుతారు.

రెండింటికీ మందు ఒకటే. పీసీలో, ఫోన్‌లో టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. పోర్టు తెరవక్కర్లేదు, సీజీనాట్ అడ్డు రాదు. విండోస్ హోమ్ ఎడిషన్ పీసీ రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్లు తీసుకోదు, దానికి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ చాలు.

బయల్దేరే ముందు ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో ఓసారి కనెక్టయి చూడండి. పీసీలో స్లీప్ కూడా ఆఫ్ చేయండి. అది నిద్రపోతే ఎల్లారెడ్డి నుంచి లేపడం కష్టం!