కోక్ అంటే ఏ కోక్?

వేరుశనగ కాయను, పప్పును ఒకే సరుకుగా ఎంచి బేరం కుదుర్చుకునే వర్తకుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మార్కెట్లలో ఎక్కడా కానరాడు. సుంకాల పట్టిక కూడ కాయను 1202 41 కింద, పప్పును 1202 42 కింద వేరు చేసింది. పెట్రోలియం కోక్‌కు కూడ ఇదే లెక్క వర్తిస్తుంది. బిల్లుపై వట్టి "కోక్" అని రాసి సరిపెట్టుకుంటే నష్టం తప్పదు.

చమురు శుద్ధి కర్మాగారం నుంచి వచ్చే పచ్చి కోక్ 2713 11. దానిని 1,200 డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడిన వేడిలో కాల్చగా వచ్చే కాల్సిన్డ్ కోక్ 2713 12. బొగ్గు నుంచి తీసిన కోక్ 2704. పచ్చి కోక్‌లో నూటికి సుమారు 10 పాళ్లు ఆవిరయ్యే పదార్థం వుంటుంది. అది సిమెంటు బట్టీలకు ఇంధనం. కాల్సిన్డ్ కోక్‌లో ఆ పదార్థం సాధారణంగా అర పాలుకు మించదు. ఇది మండించే సరుకు కాదు. అల్యూమినియం కర్మాగారాల ఆనోడ్లకు, ఉక్కులో కార్బన్ పెంచడానికి వాడతారు. టన్ను అల్యూమినియానికి ఇది సుమారు 0.4 టన్ను కావాలి.

విశాఖపట్నంలో రెయిన్ సంస్థ పచ్చి కోక్‌ను దిగుమతి చేసుకుని కాలుస్తున్నది. ఇంధనంగా వాడేందుకు పెట్‌కోక్ దిగుమతిని 2018లో కేంద్రం నిషేధించింది. సిమెంటు, సున్నం వంటి కొన్ని పరిశ్రమలకు మాత్రమే మినహాయింపు లభించింది. అదే ఏడు అక్టోబరులో సుప్రీంకోర్టు కాల్సినింగ్ పరిశ్రమకు ఏటా 14 లక్షల టన్నుల పచ్చి కోక్, అల్యూమినియం పరిశ్రమకు 5 లక్షల టన్నుల కాల్సిన్డ్ కోక్ పరిమితిగా నిర్ణయించింది. 2024లో ఈ పరిమితులను పెంచారు. సరుకు ఎవరు తెప్పించవచ్చునో తేల్చేది వర్గీకరణే కనుక దీనిని గుమాస్తాకు వదిలివేయరాదు.

అయితే నంబరు ఒక్కటే చాలదు. కాల్చినంత మాత్రాన గంధకం పోదు. అల్యూమినియం ఆనోడ్లకు పనికివచ్చిన సరుకు ఉక్కు ఫౌండ్రీకి గంధకం కారణంగా పనికిరాకపోవచ్చు. రెండూ నల్లనివే, కంటిచూపుతో తేడా తేలదు. కనుక ఒప్పందంలో పేరు, నంబరుతోపాటు గంధకం, బూడిద, ఆవిరయ్యే పదార్థం, గింజ పరిమాణం రాసుకోవాలి. పరీక్ష లోడింగ్ చోటనా, దిగుమతి చోటనా అన్నది ముందే తేల్చుకోవాలి. ముద్ర వేసిన నమూనా ఒకటి బ్రోకరు వద్ద వుంటే తగాదా కోర్టు దాకా పోదు.